ఇద్దరు యారాండ్లు, ఒక ఇంటిపేరు

కుళ్ళు అంటే ఏమిటో పెళ్ళయిన కొత్తలో నాకు తెలియదు. మా మరిది ఇమ్మాన్యుయేల్ అల్లాదుర్గ్ పిల్ల ఎలిశిబాను చేసుకొచ్చాక తెలిసింది. తోడికోడలిని మా వైపు యారాలంటారు. యారాండ్లు అక్కచెల్లెళ్ళలా ఉండాలని పెళ్ళిలో పాస్టరు అయ్యగారు దీవించారు. ఆయనదేం పోయింది, దీవించి భోంచేసి వెళ్ళిపోయారు.

మా మామ జకరయ్య మెదక్‌లో పాస్టర్లకు గౌన్లు కుట్టే దర్జీ. ఆరాధనలో తొడుక్కునే పొడుగు గౌను, మెడలో పట్టీ, క్వైర్ వాళ్ళ అంగీలు, ఇవే ఆయన పని. చర్చికి పోయే రోడ్డులో చిన్న దుకాణం. నేను కోడలిగా వచ్చిన ఏడాదిలోనే కాజాలు కుట్టడం, కాలరు తిప్పడం నేర్చుకుని మామ చేత 'పర్వాలేదు' అనిపించుకున్నాను. ఆయన నోట ఆ మాట రావడమంటే మామూలు సంగతి కాదు. తర్వాత ఎలిశిబా వచ్చింది. వాళ్ళ నాన్న పల్లెలు తిరిగి వాక్యం చెప్పే ఉపదేశి. పిల్లకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగ్గా రాదు. కాజా కుట్టడం నేనే నేర్పాను, నా ఖర్మ. కొన్నాళ్ళకే మామ ఆమె కుట్టిన గౌనును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "మస్తు కుట్టినవ్ బిడ్డా" అన్నాడు. నేను పక్కనే ఇస్త్రీ చేస్తున్నాను. ఆ పూట ఇస్త్రీపెట్టె కన్నా నేనే ఎక్కువ కాలిపోయాను.

పోనీ అందగత్తెనా అంటే అదీ కాదు. పొట్టి మనిషి, ముందుపళ్ళ మధ్య సందు, గట్టిగా మాట్లాడితే ఎక్కడ అరిగిపోతానో అన్నట్టుండే గొంతు. కానీ కొలతలివ్వడానికి వచ్చిన అయ్యగారిని పిల్లలు ఎట్లా చదువుతున్నారని పేరుపేరునా అడుగుతుంది, అమ్మగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా అంటుంది. నాకేమో ఆ అయ్యగారి ఛాతీ, చెయ్యి పొడవు, ఏ భుజం ఎంత కిందికుందో అన్నీ కంఠస్థం. ఏం లాభం? గుమ్మంలో అడుగుపెడుతూనే అందరూ "ఎలిశిబా లేదా?" అంటారు. ఎదురుగా నేను కూర్చునే ఉంటాను.

మామ ప్రభువునందు నిద్రించాక, అంటే పోయాక, అన్నదమ్ములు వేరుపడ్డారు. మా ఆయన ప్రకాశం పెద్దవాడు, ఇమ్మాన్యుయేల్ చిన్నవాడు. సంఘపెద్దలు నలుగురు వచ్చి మిషన్లు పంచారు, కత్తిరించే బల్లను రంపంతో కోయించి చెరి సగం ఇచ్చారు, దుకాణం మధ్యలో ప్లైవుడ్ అడ్డం పెట్టించారు. అటు ఎలిశిబా, ఇటు నేను. అంతా అయ్యాక డొమైన్ సంగతి వచ్చింది. మా ఇంటిపేరు పిట్ల. మెయిళ్ళ కోసమని మామ ఉన్నప్పుడే పిట్ల రోబ్స్ అని ఒక డొమైన్ కొని పెట్టుకున్నాం. దాన్నెట్లా పంచాలో పెద్దలకు తోచలేదు. కోస్తే తెగేది కాదు, తూస్తే బరువుండదు. చివరకు ఒక పెద్దాయన, అది బోరింగు లాంటిది కదా, ఉమ్మడిగా ఉంచుకుని ఎవరి బిందె వాళ్ళు నింపుకోండని తేల్చాడు. @కు ముందు ఎలిశిబా అని ఆమెకో అడ్రసు, సుమన అని నాకో అడ్రసు, తర్వాత ఇంటిపేరు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని సామెత ఊరికే పుట్టలేదు. నేను అక్కడే అన్నాను. ఆడదాని మాట ఎవరు విన్నారు?

వేరుపడ్డాక ప్లైవుడ్‌కు అటు జాతర, ఇటు కర్ఫ్యూ. హైదరాబాద్ అవతల ఒక బైబిల్ కాలేజీ ఉంది. ఏటా పట్టాలు పుచ్చుకునే పిల్లలందరికీ గౌన్లు కుట్టించే పెద్ద ఆర్డరు వాళ్ళది. నిరుడు అదీ ఎలిశిబాకే పోయింది. దాంతో మా ఆయన డీలా పడిపోయాడు. ఈసారి కూడా మనకు రాకపోతే మన సగం మూసేసి, మిషన్లు అటు చేర్చి, తమ్ముడి దగ్గరే పనికి కుదురుదామన్నాడు. తమ్ముడి దగ్గరంటే ఎవరి దగ్గర? ఎలిశిబా దగ్గర. నేను కాజా నేర్పిన మనిషి నా కుట్టు చూసి బాగుందనో బాగాలేదనో చెప్పాలన్నమాట. పైగా ఆమె అందుకు ఎప్పుడో ఒప్పుకుందట, సంతోషంగా. ఆ సంతోషమే నాకు పుండు మీద కారం. ఏమైనా సరే, ఈ ఏటి ఆర్డరు నేనే కొట్టాలని పట్టుబట్టాను.

క్రిస్మస్ వెళ్ళాక కాలేజీ మా ఇద్దరినీ కొటేషన్లు పంపమంది. వాళ్ళ దగ్గర రాయించుకున్న దుకాణం అడ్రసు నుంచే మెయిల్ రావాలి, ఫోన్లూ వాట్సాపులూ చెల్లవు. బట్ట రకం, కుట్టు రకం, ఎప్పటికి ఇస్తామో అన్నీ రాసి పంపాను. పంపిన కాసేపటికే తిరిగొచ్చింది. మళ్ళీ పంపాను, మళ్ళీ వచ్చింది. కింద ఏదో ఇంగ్లీషు, అందులో మా ఇంటిపేరు, పక్కన బ్లాక్‌లిస్ట్ అనే మాట. ఫోను పట్టుకుని బస్టాండు వైపు నడిచాను.

బస్టాండు దగ్గర దేవికకు ఆన్‌లైన్ సెంటరు ఉంది. మా డొమైన్ కొనిపెట్టింది ఆమే. చూసి, డొమైన్ బ్లాక్‌లిస్టులో పడిందని చెప్పింది. అడ్డమైన మెయిళ్ళు పంపే డొమైన్ల పేర్లు కొన్ని సంస్థలు జాబితా కట్టి పెడతాయట. గవర్నమెంటూ కాదు, పోలీసులూ కాదు. కానీ కాలేజీలలో, కంపెనీలలో మెయిళ్ళు అందుకునే కంప్యూటర్లు తలుపు తీసేముందు ఆ జాబితా చూసుకుంటాయట. పేరు అందులో ఉంటే బయటినుంచి బయటికే పంపేస్తాయి. మేమేం పాపం చేశామంటే, ముందు పాస్‌వర్డు ఎవరైనా దొంగిలించారేమో చూసింది. అట్లాంటిదేమీ లేదు. తర్వాత పోయిన నెలలో మా డొమైన్ నుంచి ఏమేం వెళ్ళాయో తీసింది.

అదంతా ఎలిశిబా పుణ్యం. క్రిస్మస్ శుభాకాంక్షలు, కింద ఒక వాక్యం, దాని కింద గౌన్ల ఫోటోలు. మామ కాలం నాటి మెయిళ్ళలో, ప్రార్థన కూటాల సావనీర్లలో, సంఘం డైరెక్టరీలలో ఎక్కడెక్కడ అడ్రసు కనబడిందో అక్కడికల్లా పంపింది. కొత్త సంవత్సరానికి మళ్ళీ అందరికీ పంపింది. ఎవరినీ మరిచిపోకూడదు కదా, మా సంఘంలో పండగ పలకరింపు ఒక్కరికి తప్పినా ఏడాదంతా మూతి ముడుచుకుంటారు. కానీ ఎవరూ వాడకుండా వదిలేసిన పాత అడ్రసులు కొన్నిటిని ఆ జాబితావాళ్ళు వలలాగా పరిచి ఉంచుతారట. ఆ అడ్రసు నుంచి మనుషులెవరూ నాకు రాయండని అడగరు కాబట్టి, దానికి మెయిల్ వచ్చిందంటే పంపినవాళ్ళు అడగనివాళ్ళకు కూడా పంపుతున్నారని లెక్క. ఎలిశిబా పోయి సరిగ్గా అందులో కాలు పెట్టింది.

అబద్ధమెందుకు, మొదట నాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. ఇన్నేళ్ళకు ఎలిశిబా ఒక తప్పు చేసింది, అదీ కంప్యూటరు సాక్షిగా. అందుకని దేవికను జాబితాలోంచి నా పేరొక్కటి తీయించమన్నాను, ఆమె పేరు అక్కడే ఉండనీ అన్నాను. దేవిక నావైపు అదోలా చూసింది.

"అక్కా, వాళ్ళకు సుమన ఎవరో, ఎలిశిబా ఎవరో ఎర్కలే. @ తర్వాత ఉన్న పేరే చూస్తరు. గది ఇంటిపేరసుంటిది. ఇంట్ల ఒక్కలు చేసినా ఇంటిపేరే బద్నాం అయితది."

ఇంటిపేరట. ఆ ఇంటిపేరు ఆమెదీ కాదు, నాదీ కాదు. ఇద్దరం తాళి కట్టించుకుని తెచ్చుకున్నదే. శుభాకాంక్షలు పంపిన పుణ్యం ఆమెకు, తిలాపాపం తలా పిడికెడని ఇందులో నాకు వాటా. కొత్త డొమైన్ కొనుక్కుంటానన్నాను. నిన్న పుట్టిన డొమైన్‌ను అసలే నమ్మరట, పైగా కాలేజీ దగ్గర రాసి ఉన్నది పాతదే. డబ్బులిస్తే తీయిస్తామని నెట్‌లో ఎవడో రాశాడని చూపించాను. అట్లాంటివాళ్ళ జోలికే పోవద్దంది. తీసేవాళ్ళు జాబితా కట్టినవాళ్ళే, వాళ్ళు పైసా పుచ్చుకోరు. కాకపోతే ముందు తప్పు సరిదిద్దుకోవాలి, తర్వాతే అడగాలి. ఎలిశిబాను తోలుకొని రమ్మంది.

ఆమెను బతిమాలుకొని తోలుకురావడానికి నాకు ప్రాణం ఒప్పలేదు. ఇంటికొచ్చి ఫోన్లో ఆ సంస్థ ఫారం తెరిచి నేనే నింపాను. రేషన్ కార్డు కోసం, పింఛను కోసం వాడకట్టు సగానికి అర్జీలు రాసి పెట్టిన దాన్ని, నాకు రాదా? రెస్పెక్టెడ్ సర్ అని మొదలుపెట్టి, నేను ఏ పాపమూ ఎరగనిదాన్నని, తప్పంతా నా యారాలు పిట్ల ఎలిశిబాదని, ఆమె మొదటినుంచీ ఇట్లాంటిదేనని, విచారణ జరిపి ఆమెపై తగు చర్య తీసుకుని నన్ను విడుదల చేయవలసిందని, ఇట్లు తమ విధేయురాలని రాశాను. మనసులో ఉన్నదంతా కక్కేశాక కడుపు చల్లబడింది. రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మర్నాడు జవాబొచ్చింది. నమస్కారం లేదు, సంతకం లేదు. పంపింది ఎవరన్నది వాళ్ళకు అక్కర్లేదట. ఏం జరిగింది, అది ఆగడానికి మీరేం చేశారు, ఈ రెండూ చెప్పేదాకా పేరు తీయరట. మాటిమాటికీ అడిగితే త్వరగా ఏమీ కాదని కూడా రాశారు. దేవిక చదివి తల పట్టుకుంది. వాళ్ళేమన్నా తహసీల్దారా అక్కా, మీ ఇంటి పంచాయితీ చేయడానికి, అని గట్టిగానే అడిగింది. కాలేజీ పెట్టిన గడువు దగ్గరికొస్తోంది. ఇక గత్యంతరం లేక ప్లైవుడ్‌కు అటువైపు వెళ్ళాను.

ఎలిశిబాకు అప్పటికి సంగతే తెలియదు. చెప్పగానే ముఖం తెల్లబోయింది. ఆమె ఎదురు తిరుగుతుందని నేను సిద్ధంగా పోయాను, బాగా పదునుపెట్టిన మాటలు నాలుగు దాచుకుని మరీ పోయాను. ఆమె మిషన్ మీద గుడ్డ కప్పి, చెప్పులేసుకుని నా వెంట వచ్చేసింది. ఆ మాటలన్నీ నా నోట్లోనే మిగిలిపోయాయి.

దేవిక మా ఇద్దరినీ ఒకే కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తమంతట తాము మాకెప్పుడూ రాయనివాళ్ళ అడ్రసులన్నీ తీసేయాలి, బతికి లేనివాళ్ళవి ముందు తీసేయాలి. ఒక్కో పేరూ చదవసాగింది. టేక్మాల్ అయ్యగారు బదిలీ మీద పోయారు, ఆ అడ్రసు పాత సంఘానిది. రేగోడ్ అయ్యగారు నిద్రించారు. ఛాతీ నలభై రెండు, ఎడమ భుజం కిందికి, అన్నాను నేను. వాళ్ళ చిన్నమ్మాయి ఇప్పుడు నర్సు, అంది ఎలిశిబా. అట్లా పోయి పోయి జయానందం అయ్యగారి పేరు దగ్గర ఆగాం. ఆయన పోయినప్పుడు మామ కుట్టిన గౌనులోనే పెట్టెలో పడుకోబెట్టారు, ఇద్దరం దగ్గరుండి గుండీలు పెట్టాం. ఆయనకు మా ఎలిశిబా 'నూతన సంవత్సరంలో నూతన వస్త్రం' అని మెయిల్ పంపింది. నాకు నవ్వాగలేదు. చచ్చినవాళ్ళను తలుచుకుని నవ్వకూడదని పెదవి కొరుక్కున్నాను, పక్కకు చూస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది.

అడ్రసుల పని అయ్యాక దేవిక ఫారం తెరిచింది. ఇంతమందికి ఎందుకు పంపారని అడిగింది, రాయడానికి. ఎలిశిబా కొంగు భుజం మీదికి సర్దుకుంది. తర్వాత నావైపు చూడకుండా చెప్పింది.

"అక్కకు వచ్చినన్ని మెయిళ్ళు నాకు రాకుండె. పాత అయ్యగార్లందరు అక్కకే రాస్తరు. కొలతలన్ని అక్క దగ్గర్నే ఉంటయని. నాకు కడుపు మండింది. నాక్కూడ రావాలని అందరికి పంపిన."

నిజమే, నాకు మెయిళ్ళు వస్తాయి. 'సుమనమ్మా, నా పాత కొలతలు పంపించు' అని రాస్తారు. నేను పంపితే ఆ కొలతలతో ఆమె దగ్గర కుట్టించుకుంటారు. అట్లాంటి ప్రతి మెయిలుకూ నేను వాళ్ళను తిట్టుకున్నాను. ఆమె అవి తనకు రావట్లేదని ఏడ్చిందట! నా కడుపు మండుతున్నన్నాళ్ళూ ప్లైవుడ్‌కు అవతల మరో కడుపు మండుతోందన్నమాట. ఎలిశిబాకు నా మీద కుళ్ళు! ఆ మాట చెవిన పడ్డాక నాకు కలిగిన హాయి నా పెళ్ళినాడు కూడా కలగలేదు. చాయ్ కొట్టు పిల్లాణ్ణి పిలిచి ముగ్గురికీ చాయ్ చెప్పాను. పైగా ఎలిశిబాకు బిస్కెట్లు కూడా ఇప్పించాను, ఆమె ఎందుకో అర్థంకాక తీసుకుంది.

ఫారంలో దేవిక ఆ కడుపుమంట సంగతేమీ రాయలేదు. అడగనివాళ్ళ పాత అడ్రసులకు పండగ మెయిళ్ళు పంపాం, ఆ అడ్రసులన్నీ తీసేశాం, ఇకమీదట మాకు రాసినవాళ్ళకే రాస్తాం. అంతే. అయ్యా బాబూ లేదు, విధేయులు లేరు. రెండు రోజులకు పేరు తీసేశామని ఒక్క ముక్క వచ్చింది. అన్ని కంప్యూటర్లకూ ఆ కబురు చేరడానికి ఇంకో పూట ఆగమంది దేవిక. ఆగాను. గడువు ఇంకా ఉండగానే కొటేషన్ పంపి, ఫోను చేత్తో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈసారి తిరిగి రాలేదు.

ఆర్డరు నాకొచ్చింది. మెయిల్‌ను మా ఆయనకు చదివి వినిపించాను. ఆయన నా ముందే కూర్చున్నాడు గానీ ప్లైవుడ్ అవతలికి వినబడేటట్టు చదివాను. ఇమ్మాన్యుయేల్ వచ్చి వదినా శభాష్ అన్నాడు. ఎలిశిబా కూడా వచ్చింది, చాలా సంతోషం అక్కా అంది. పాపం, కడుపులో ఎంత మండుతోందో అనుకున్నాను. మిషన్లు అటు చేర్చే మాట మా ఆయన మళ్ళీ ఎత్తలేదు.

వారం తిరగకుండానే కాలేజీ గుమాస్తా కొలతల సంగతి మాట్లాడటానికి ఫోన్ చేశాడు. మాటల మధ్య, ఊరుకోలేక, మా ఇంకో దుకాణం వాళ్ళ కొటేషన్ మాకన్నా ఎక్కువుందా తక్కువుందా అని అడిగాను. ఎంత తేడాతో గెలిచానో తెలిస్తే ఇంకో ఏడాది హాయిగా బతకొచ్చని నా ఆశ.

"గా అడ్రసు నుంచి అసలు రాలేదమ్మా" అన్నాడు. "నిరుటి గౌన్లు మా ప్రిన్సిపాల్ గారికి మస్తు నచ్చినయి. ఆఖరి రోజు దాకా చూసిండ్రు. రాకపోయే సరికి మీకిచ్చిండ్రు."

మళ్ళీ జాబితాలో పడ్డామేమో, ఆమెది మళ్ళీ తిరిగొచ్చిందేమో అనుకున్నాను. ఒకే ఇంటిపేరు కదా, నాది వెళ్ళినప్పుడు ఆమెది ఎందుకాగుతుంది? ఉండబట్టలేక అటు వెళ్ళాను. ఎలిశిబా ఎవరిదో చిన్నపిల్ల ఫ్రాకుకు కుచ్చులు పెడుతోంది. పెద్ద ఆర్డరు లేదు కదా, చిల్లర పనులు. కొటేషన్ పంపావా అని అడిగాను. పంపలేదంది. ఎందుకన్నాను. కుట్టు ఆపకుండానే చెప్పింది.

"నా వల్లనే గదా అక్కా నీ కొటేషన్ ఆగింది. ఈసారి నీకే రానీ అనుకున్న."

రానీ. రావడమూ రాకపోవడమూ తన చేతిలో ఉన్నట్టు రానీ అంది. అదే నిజం కూడా. నేను పట్టుబట్టి, అర్జీలు రాసి, చాయ్‌లు పోసి గెలిచానని ఎగిరి గంతేసిన ఆర్డరు ఆమె వద్దనుకుంటే నాకు వచ్చింది. ఆమె దగ్గర పనికి కుదరకూడదనే కదా నేను ఇంత చేసింది. కుదిరిపోయాను, ఆమె ఇచ్చిన పనే కుడుతున్నాను, కాకపోతే ప్లైవుడ్‌కు ఇటువైపు కూర్చుని.

వెళ్ళిపోదామని వెనుదిరిగాను. ఆమె తలెత్తి, ఇమ్మాన్యుయేల్‌కు తెలియదు, చెప్పకక్కా అంది. ఎవరికీ చెప్పలేదట. చర్చిలో నలుగురి ముందు అక్క కోసం వదులుకున్నానని ఒక్క మాట గొప్పగా చెప్పుకుని ఉంటే, చూశారా దాని బుద్ధి అని కడుపారా తిట్టుకునేదాన్ని. అదైనా నాకు మిగల్చలేదు ఎలిశిబా.